మూడోసారి చెయ్యి విరిగిన బాక్సర్ ఏం చేయాలి

మొదటిసారి చెయ్యి విరిగితే అందరూ వచ్చి పలకరిస్తారు. రెండోసారి "అయ్యో, మళ్ళీ అదే చెయ్యా" అంటారు. మూడోసారికి ప్రమోటర్ ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు, కోచ్ సార్ పక్కన కొత్త కుర్రాడికి ప్యాడ్స్ (గుద్దులు కాచుకునే మెత్తటి దిళ్ళు) పడుతూ కనిపిస్తారు, ఇంట్లో వాళ్ళు రైల్వేలో స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందని మెల్లగా కదుపుతారు. ఆ మూడోసారి దాకా వచ్చేసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. ఇంకా రెండో దగ్గరే ఉన్నవాళ్ళు చదివితే మరీ మంచిది.

నేను డాక్టర్ని కాను. కొన్నేళ్ళు అమెచ్యూర్‌గా ఆడి, కుడిచేతి మధ్యవేలి మెటిక రెండుసార్లు పాడుచేసుకుని, ఇప్పుడు పిల్లలకి ప్యాడ్స్ పడుతున్నవాణ్ణి. ఇన్నాళ్ళలో నాకు అర్థమైంది ఒకటుంది. ఎముక చాలావరకు అతుక్కుంటుంది. అతుక్కున్న తర్వాత కూడా ఆ చేత్తో గట్టిగా కొట్టడానికి లోపల ఎక్కడో జంకు మిగిలిపోతుంది, కెరీర్ దిగడం మొదలయ్యేది అక్కడ. ఎముక సంగతి డాక్టర్ చూసుకుంటాడు, ఈ జంకు సంగతి మాత్రం ఎవరూ చూడరు, మీరే చూసుకోవాలి. కింద రాసేదంతా ఆ రెండింటి గురించే.

అసలు ఏం పాడైందో ముందు తెలుసుకోండి

"చెయ్యి నొప్పి" అనేది గాయం పేరు కాదు. పిడికిల్లో పాడవడానికి నాలుగైదు చోట్లున్నాయి, ఒక్కోదానికి ఒక్కో వైద్యం, ఒక్కో గడువు. చిటికెన వేలి మెటిక వెనక ఎముక విరగడాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారు గానీ, అది ఎక్కువగా గోడని గుద్దినవాళ్ళకీ వీధి గొడవల్లో చెయ్యి విసిరినవాళ్ళకీ అయ్యేది. పిడికిలి సరిగ్గా పట్టడం నేర్చుకున్న బాక్సర్‌కి దెబ్బంతా చూపుడు వేలు, మధ్యవేలు మెటికల మీద పడుతుంది కాబట్టి పాడయ్యేవి కూడా అవే.

మధ్యవేలి మెటిక మీద తాడులాంటి స్నాయువు ఒకటి ఉంటుంది, దాన్ని మెటిక నడిమధ్యలో పట్టి ఉంచే పొర చిరిగితే వేలు మడిచినప్పుడల్లా ఆ తాడు పక్కకి జారుతుంది, కొందరికి చేతికి తెలుస్తుంది కూడా. దీన్ని బాక్సర్స్ నకిల్ అంటారు. మామూలు ఎక్స్‌రేలో కనపడదు. రిపోర్ట్ నార్మల్ అని వస్తుంది, మీరు సంబరపడి పంచింగ్ బ్యాగ్ దగ్గరికి వెళ్తారు, వారంలో మెటిక మళ్ళీ నిమ్మకాయంత అవుతుంది. నాకు జరిగింది అచ్చం ఇదే, నాలుగు నెలలు "ఉత్త వాపే" అనుకుంటూ ఐస్ పెట్టుకున్నా.

ఇంకోటి బొటనవేలి మొదట్లో. హుక్ (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే పంచ్) వేసేటప్పుడు బొటనవేలు పిడికిలికి అంటుకుని లేకపోతే ఎదుటివాడి మోచేతికో తలకో తగిలి వెనక్కి విరుచుకుంటుంది, ఎముకైనా విరుగుతుంది, లిగమెంట్ అయినా తెగుతుంది. అరచేతి వెనక భాగంలో, మణికట్టుకి కాస్త పైన, చిన్న బొడిపెలా లేస్తే అక్కడ కీలు వదులైందని అనుమానించాలి.

అన్నిటికంటే మోసపు ఎముక స్కాఫాయిడ్. బొటనవేలు పైకెత్తి చాపితే దాని మొదట్లో మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది కదా, ఆ గుంటలో నొక్కితే నొప్పి పుడుతోందంటే అసలు ఆలస్యం చేయొద్దు. మొదటి ఎక్స్‌రేలో ఈ చీలిక కనపడకపోవచ్చు, అందుకే డాక్టర్లు అనుమానం ఉంటే పట్టీ వేసి రెండు వారాల తర్వాత మళ్ళీ తీయిస్తారు, లేదంటే ఎంఆర్ఐ రాస్తారు. ఆ ఎముకకి రక్తం అందే దారి సన్నం, పట్టించుకోకపోతే అతుక్కోకుండా ఉండిపోతుంది. పుత్తూరు కట్టు మీద నాకు చిన్నచూపు లేదు, మా ఇంట్లోనే కట్టించుకున్నవాళ్ళున్నారు. కానీ వేరుశనగ గింజకంటే కాస్త పెద్దదైన ఎముక, అదీ పైకి కనపడని చీలిక, ఇక్కడ మాత్రం చేతుల గాయాలే ప్రత్యేకంగా చూసే సర్జన్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "నేను బాక్సర్‌ని, ఈ చేత్తో మళ్ళీ కొట్టాలి" అని నోరు తెరిచి చెప్పండి. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడి చేతికి సరిపోయే వైద్యం మీకు సరిపోకపోవచ్చు.

పాత ఎక్స్‌రేలు, స్కాన్‌లు, తేదీలు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టుకోండి. అమ్మ వాటిని బీరువా మీద పెట్టి మర్చిపోకముందే ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ముందు విరిగిన చోటే మళ్ళీ విరిగిందా, పక్కన విరిగిందా అన్నది చాలా పెద్ద తేడా. పక్కన విరిగితే గుద్దే పద్ధతిలోనో, గ్లవ్స్ లోపల చేతికి చుట్టే కట్టులోనో తప్పుండొచ్చు. అదే చోట విరిగితే, తొందరపడి వచ్చారా అని ముందు చూసుకోవాలి.

తిరిగి రావడం

పట్టీ తీసిన రోజు చెయ్యి బాగైన రోజు కాదు. అరచేతి ఎముకలు మామూలుగా అతుక్కోవడానికి ఆరు వారాల దాకా పడుతుంది, కానీ అతుక్కోవడం వేరు, తల లాంటి గట్టి వస్తువుని గుద్దడం వేరు. డాక్టర్ సరే అన్నాక కూడా మెట్లు మెట్లుగా రావాలి. మొదట ఉత్త షాడో, అంటే గాల్లోకి గుద్దడం. దాంతోపాటు బియ్యం డబ్బా పని: లోతైన డబ్బాలో బియ్యమో నూకలో పోసి, చెయ్యి మణికట్టు దాకా దించి, పిడికిలి మూస్తూ తెరుస్తూ, వేళ్ళు విప్పారుస్తూ ఐదు నిమిషాలు. ఇంట్లో చపాతీ పిండి పిసికే పని మీరు తీసుకున్నా మంచిదే, ఇంట్లోవాళ్ళు కూడా సంతోషిస్తారు. ఆ తర్వాత ప్యాడ్స్, అదీ మెత్తగా, ఒకటి రెండు రౌండ్లు. ఆ తర్వాత బ్యాగ్. స్పారింగ్, అంటే ఎదురుగా మనిషిని పెట్టుకుని చేసే ప్రాక్టీస్, చివరిది.

ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎప్పుడు ఎక్కాలో చెప్పేది మరుసటి ఉదయం. లేవగానే రెండు చేతులూ పక్కపక్కన పెట్టి పిడికిలి బిగించి చూడండి. మెటికల మధ్య లోయలు రెండు చేతులకీ ఒకేలా కనపడుతున్నాయా? గాయమైన చేతికి పూడుకుపోయినట్టు కనపడితే ఒక మెట్టు దిగండి. కొట్టేటప్పటి నొప్పిని నమ్మొద్దు, ఒళ్ళు వేడి మీద ఉన్నప్పుడు నొప్పి అబద్ధం చెబుతుంది.

బ్యాగ్ గురించి ఒక మాట. మన దగ్గర చాలా జిమ్‌లలో బ్యాగ్‌లో గుడ్డపేలికలు కుక్కుతారు, ఇసుక కూడా కలుపుతారు. ఏడాది తిరిగేసరికి అదంతా కిందికి దిగి అడుగుభాగం రాయి అయిపోతుంది. బాడీ షాట్ ప్రాక్టీస్ అని అక్కడే గుద్ది చెయ్యి పాడుచేసుకున్న కుర్రాళ్ళని చూశాను. ఆరు నెలలకోసారి దింపి, విప్పి, మళ్ళీ కూరండి, మధ్యాహ్నం ఒక పూట పని. గ్లవ్స్ కూడా అంతే, బయటి తోలు బాగానే కనపడుతుంది, లోపలి ఫోమ్ చచ్చిపోయుంటుంది. మెటికల దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కితే లోపల మీ ఎముక చేతికి తగులుతోందంటే ఆ జత పారేయాల్సిందే. చెయ్యి విరిగిన చరిత్ర ఉన్నవాళ్ళు బ్యాగ్‌కీ స్పారింగ్‌కీ 16 ఔన్సులకి తక్కువ వాడొద్దు.

కట్టు

దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే పిల్లలు అందరికంటే ఎక్కువ బద్ధకించేది ఇక్కడే. నాలుగున్నర మీటర్ల పట్టీ తీసుకోండి, పొట్టివి పిల్లలకి. బొటనవేలికి లూప్ తగిలించి మణికట్టు చుట్టూ మూడు నాలుగు చుట్లు. ఇక్కడ లాగి బిగించొచ్చు. అక్కణ్ణుంచి అరచేతి వెనకగా మెటికల మీదికి వెళ్ళి మూడు చుట్లు, ఈసారి వేళ్ళు బాగా విప్పార్చి పెట్టాలి. ముడుచుకుని కడితే పిడికిలి బిగించినప్పుడు ఎముకలు ఒకదానిమీదికి ఒకటి నొక్కుకుంటాయి. తర్వాత వేళ్ళ సందుల్లోంచి ఒక్కో చుట్టు, ప్రతిసారీ మణికట్టు మీదుగా తిప్పి. బొటనవేలి చుట్టూ ఒకటి, దాని మొదలుని మణికట్టుకి కట్టేసినట్టు ఉండాలి. మిగిలింది మళ్ళీ మణికట్టుకి.

చెయ్యి తెరిచినప్పుడు హాయిగా, పిడికిలి బిగిస్తే బిగుతుగా ఉందంటే కట్టు కుదిరినట్టు. తెరిచి ఉన్నప్పుడే వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే విప్పి మళ్ళీ కట్టండి. మెటిక గాయం ఉన్నవాళ్ళు ట్రెయినింగ్‌లో పట్టీ మొదట్లో నాలుగు మడతలు వేసి మెటికల మీద దిండులా పెట్టుకుని దానిమీద కట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

ప్రొఫెషనల్ ఫైట్లలో పట్టీ బదులు గాజ్ (gauze) అనే పల్చటి నూలు గుడ్డ, టేపు వాడతారు. చాలాచోట్ల మెటికల మీదికి టేపు రాకూడదు, అవతలి బాక్సర్ తరఫు మనిషి నిలబడి చూస్తాడు, ఫైట్‌ని పర్యవేక్షించే ఇన్‌స్పెక్టర్ సంతకం పెడతాడు. రూల్స్ ఊరికొకటి కాబట్టి ముందే అడిగి కాగితం తీసుకోండి. 2009 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో షేన్ మోస్లీతో ఫైట్‌కి ముందు ఆంటోనియో మార్గరిటో కట్టు విప్పించి చూస్తే లోపల గట్టిపడిన ప్యాడ్ దొరికింది, లైసెన్స్ పోయింది. చేతులు కాపాడుకోవడానికి మెత్తగా ఏం పెట్టుకున్నా ఫర్వాలేదని మనమే తీర్మానించుకోకూడదు. మీ చేతికి కట్టు కట్టే మనిషిని ఫైట్ ఫైట్‌కీ మార్చకండి. అమెరికన్ చాంపియన్ ఫ్లాయిడ్ మేవెదర్ తన కట్టు కోసం రఫాయెల్ గార్సియా అనే పెద్దాయన్ని ఏళ్ళ తరబడి వెంట పెట్టుకున్నాడంటే ఊరికే కాదు.

భయం మీ ఆటని మార్చకముందే మీరే మార్చుకోండి

అసలు విషయానికి వచ్చాం.

2001 మేలో గ్రాండ్ రాపిడ్స్‌లో, సొంత ఊళ్ళో, మేవెదర్ కార్లోస్ హెర్నాండెజ్‌తో ఆడుతున్నాడు. అప్పటికే చేతులు బాలేవు. ఆరో రౌండ్‌లో ఎడమ హుక్ తగిలించాడు, దెబ్బ తిన్నవాడు నిలబడే ఉన్నాడు, కొట్టిన మేవెదరే చేతి నొప్పికి వంగిపోయాడు, గ్లవ్ నేలకి ఆనింది. రిఫరీ నాక్‌డౌన్ లెక్కపెట్టాడు. 50 ఫైట్లు గెలిచి ఒక్కటీ ఓడని మనిషి ఖాతాలో నాక్‌డౌన్ అని రాసింది అదొక్కటే, అదీ తన చెయ్యే తనని పడగొట్టింది.

ఆ తర్వాత ఆయన చేసిందే మీరు చేయాల్సింది. గట్టిగా గుద్ది పడగొట్టే కుర్రాడు ఏళ్ళ మీద మెల్లగా, దెబ్బ తప్పించుకుని తిరిగి ఒక్కటి సూదిలా గుచ్చే మనిషిగా మారాడు. 2007 డిసెంబర్‌లో రికీ హ్యాటన్‌ని పడగొట్టిన తర్వాత ఆడిన 11 ఫైట్లలో గడువుకి ముందే ముగించినవి రెండే. జనం బోర్ అన్నారు, అంటూనే టికెట్ కొన్నారు. ఆయన మాత్రం ఏ పంచ్ ఎక్కడ తగిలితే చెయ్యి మిగులుతుందో లెక్క వేసుకునే ఆడాడు.

వేల్స్ వాడు జో కాల్జాగీది ఇంకో దారి. చేతులు పెళుసు కాబట్టి ఒక్క పంచ్‌లో బలమంతా పెట్టకుండా గుంపులు గుంపులుగా విసిరేవాడు, అరచేత్తో చరుస్తున్నాడని వెక్కిరించినవాళ్ళున్నారు. 2005 సెప్టెంబర్‌లో కార్డిఫ్‌లో ఎవాన్స్ అషీరాతో ఫైట్ మధ్యలో ఎడమ చెయ్యి విరిగితే మిగతాదంతా ఒంటి చేత్తో ఆడి గెలిచాడు. తర్వాత జెఫ్ లేసీతో ఫైట్ దగ్గరపడేసరికి మణికట్టు నొప్పి, తప్పుకుందామనుకున్నాడు, తండ్రి, కోచ్ కూడా అయిన ఎంజో ఒప్పించాడు. 2006 మార్చిలో మాంచెస్టర్‌లో లేసీని 12 రౌండ్లూ ఉతికాడు. 46 గెలుపులు, ఓటమి లేకుండా రిటైరయ్యాడు. (నాన్న ఒప్పించాడు కదా అని మీరు కూడా నొప్పితో దిగిపోకండి, అందరి నాన్నలూ ఎంజోలు కారు.)

న్యూయార్క్ కుర్రాడు పాలీ మాలినాజీ కథ మనలాంటివాళ్ళకి ఇంకా దగ్గర. కుడిచెయ్యి పదేపదే విరిగింది, సర్జరీల మీద సర్జరీలు. 36 గెలుపుల్లో నాకౌట్లు ఏడే. జాబ్ (jab, ముందు చేత్తో సూటిగా వేసే పంచ్), కాళ్ళు, నోరు, ఈ మూడిటి మీదే రెండు వెయిట్లలో ప్రపంచ టైటిళ్ళు గెలిచాడు, రెండోది 2012లో ఉక్రెయిన్ వెళ్ళి వాళ్ళ సొంత మనిషి సెంచెంకో మీద. కానీ ఆ కథకి రెండో సగం ఉంది. అవతలివాడికి మీ కుడిచేతి భయం లేకపోతే నేరుగా నడిచి వచ్చేస్తాడు. కాళ్ళలో వేగం ఉన్నంతకాలం తప్పించుకోవచ్చు, అది తగ్గిన రోజు ఆపడానికి ఏమీ ఉండదు. 2014లో షాన్ పోర్టర్ నాలుగో రౌండ్‌లో, 2015లో డానీ గార్సియా తొమ్మిదిలో, 2017లో లండన్‌లో సామ్ ఎగింగ్టన్ ఎనిమిదిలో మాలినాజీని ఆపేశారు. ఆ చివరిదాంతో మానేశాడు. ఒక్క తెలివైన పని ఏంటంటే, ఆడుతుండగానే టీవీ కామెంటరీలో కూర్చోవడం మొదలెట్టేశాడు.

సరే, మీరేం చేయాలి? గాయానికి ముందు చేసిన స్పారింగ్ వీడియో ఒకటి వెతకండి, ఇప్పటిది ఒకటి తీయించండి. ఒక రౌండ్‌లో గాయమైన చేత్తో ఎన్ని పంచ్‌లు విసిరారో కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టండి. తగిలినవి కాదు, విసిరినవి. ముందు పదిహేను, ఇప్పుడు నాలుగు అని వచ్చిందంటే చెయ్యి బాగైనా మీరు బాగవలేదన్నమాట. చాలామంది ఈ లెక్క చూసి నమ్మరు, మళ్ళీ మొదట్నుంచి లెక్కపెడతారు.

లెక్క పడిపోతే ఆ చేతిని దాచేయకండి, పని మార్చండి. చేతులు ఎక్కువగా విరిగేది నుదురు మీద, తల పైభాగం మీద, మోచేతి మీద. గట్టి దెబ్బలు పొట్టకి, పక్కటెముకలకి మళ్ళించండి. తలకైతే కుడిచేత్తో సగం బలంతో, సూటిగా, ఎక్కువసార్లు. తగలకపోయినా విసరండి, అవతలివాడి గార్డ్ ఎత్తులో ఉంచడానికి ఆ విసరడం చాలు. దూరం నుంచి ఊపి కొట్టే ఓవర్‌హ్యాండ్ రైట్ మీకు ప్రాణమైనా సరే వదిలేయండి, వాడు తల దించాడంటే నేరుగా నడినెత్తి మీద పడుతుంది, మీ చెయ్యి అక్కడే పోతుంది. ఇవన్నీ అలవాటవడానికి నెలలు పడుతుంది కాబట్టి చెయ్యి పట్టీలో ఉన్నప్పుడే మొదలెట్టాలి. ఆరు వారాలు ఒంటి చేత్తో జాబ్, ఫుట్‌వర్క్ తప్ప ఇంకేం లేకపోవడం ఒక రకంగా వరమే, ఆ జాబ్ తర్వాత మీకు అన్నం పెడుతుంది.

మాత్రలు, ఇంజెక్షన్లు

నొప్పి తెలియకుండా చేసుకుని దిగొద్దు. నొప్పి తెలియని చెయ్యి ఎంత గట్టిగా కొట్టకూడదో మీకు చెప్పదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పదేపదే వేయించుకుంటే స్నాయువులు బలహీనపడతాయి, అదొక్కటే కాదు, 2022 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా (WADA) నిబంధనల కింద ఈ రకం స్టెరాయిడ్ (గ్లూకోకార్టికాయిడ్) ఇంజెక్షన్ ఏ చోట వేయించుకున్నా పోటీ సమయంలో నిషిద్ధం. మన మెడికల్ షాపుల్లో అమ్మే నొప్పి మాత్రల్లో కొన్నిట్లో ట్రామడాల్ కలిసి ఉంటుంది, 2024 జనవరి నుంచి పోటీ సమయంలో అది కూడా నిషేధమే. స్ట్రిప్ వెనక చిన్నక్షరాలు చదవండి, అర్థం కాకపోతే ఫొటో తీసి టీమ్ డాక్టర్‌కి పంపండి.

ఎన్నాళ్ళు ఆడాలి

అఖిల్ కుమార్ గుర్తున్నాడా? 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ గేమ్స్‌లో బంగారం, 2008 బీజింగ్‌లో ప్రపంచ చాంపియన్ వొడొప్యనోవ్‌ని ఓడించి క్వార్టర్స్‌కి వెళ్ళినవాడు, గార్డ్ కిందికి దించి ఆడే ఆట. మణికట్టు గాయం, సర్జరీ ఆయన్ని చాన్నాళ్ళు వెంటాడాయి, బీజింగ్ తర్వాత ఆ ఎత్తు మళ్ళీ అందలేదు. 2017లో 36 ఏళ్ళ వయసులో ముంబైలో ప్రొఫెషనల్‌గా దిగి గెలిచాడు కూడా. కానీ ఆయనకి అప్పటికే హర్యానా పోలీస్‌లో ఉద్యోగం ఉంది. ఫైట్ ఓడినా నెల జీతం వచ్చే మనిషి ఆడే ఆట వేరు, ఫైట్ డబ్బుతోనే అద్దె కట్టాల్సినవాడి ఆట వేరు. రెండోవాడే సగం మానిన చేత్తో దిగుతాడు. అందుకే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తే "తర్వాత చూద్దాం" అనకండి, కోచింగ్ డిప్లొమా కూడా చెయ్యి పట్టీలో ఉన్న నెలల్లోనే కానిచ్చేయండి.

తిరిగొచ్చినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కి 2017లో భుజం జారి సర్జరీ అయింది, 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. అది భుజం, ఒక్కసారి, ఇరవై ఏళ్ళ వయసులో. మీకు ముప్ఫై దాటి, అదే మెటికకి మూడో సర్జరీ అయితే ఆ పోలికతో ధైర్యం తెచ్చుకోవద్దు.

నేనైతే కుర్రాళ్ళకి చెప్పే లెక్క ఇది. తిరిగొచ్చిన మొదటి ఫైట్ తక్కువ రౌండ్లది తీసుకోండి, తల దించుకుని మీదికొచ్చే పొట్టివాణ్ణి ఒప్పుకోకండి, నిటారుగా నిలబడి ఆడే పొడుగాటివాడైతే మీ చేతికి మంచిది. ఫైట్‌కీ ఫైట్‌కీ మధ్య కనీసం మూడు నెలలు. రెండు ఫైట్ల తర్వాత మళ్ళీ ఆ గీతల లెక్క తీయండి, ఈసారి స్పారింగ్‌ది కాదు, ఫైట్ వీడియోది. కుడిచెయ్యి లెక్క పెరిగితే ఇంకో రెండు ఫైట్లు ఆడండి. పెరగకపోతే, గెలిచినా సరే, కోచ్ సార్‌తో కూర్చుని మాట్లాడాల్సిన రోజు వచ్చినట్టే. పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఎడమచేతికి మారుతున్నారంటే మాత్రం ఆ రెండు ఫైట్ల దాకా కూడా ఆగొద్దు, ఆ వారమే డాక్టర్‌కి చూపించండి.